తమ్ముడి వెన్నుపామును అతని సొంత కణాలే దెబ్బతీశాయా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పూతలపట్టు దగ్గర పల్లె. ఈ ఏడాది మార్చిలో మా తమ్ముడు చింతకాయ దులపడానికి చెట్టెక్కి, కొమ్మ విరిగి పడిపోయాడు. వయసు 28 ఏళ్లు. ఛాతీ భాగంలో నాలుగో వెన్నుపూస విరిగి వెన్నుపాము నలిగిందని తిరుపతిలో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. నాలుగు నెలలైంది. చేతులు బాగున్నాయి. రొమ్ము కింద నుంచి స్పర్శ లేదు, కాళ్లు కదలవు. మొదటి రోజే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదని తర్వాత ఒకరు అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా అమ్మకు నిద్ర లేదు. దెబ్బకంటే, దెబ్బ తర్వాత వాడి ఒంట్లోని రోగనిరోధక కణాలే నరాన్ని ఎక్కువ పాడుచేశాయని ఇంకొకరు చెప్పారు. అలాగైతే ఆ శక్తిని తగ్గించాలా, లేక బంధువులు తెచ్చిస్తున్న కషాయాలతో పెంచాలా తెలియడం లేదు. ఆ కణాలను శాంతింపజేసే మూలకణాల ఇంజెక్షన్ ఉందని ఒకచోటి నుంచి ఫోన్లు చేస్తున్నారు. దానికోసం ఎకరం మామిడితోట అమ్ముదామని మా నాన్న అంటున్నాడు. ఈ మధ్య ఎడమకాలి బొటనవేలి దగ్గర ఏదో పాకినట్టుందని తమ్ముడు అంటున్నాడు. మాకు దారి చెప్పండి.
— ఒక అక్క, చిత్తూరు జిల్లా

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు మీ అమ్మగారి నిద్ర సంగతి చూద్దాం. ఈ కింది పేరా ఆమెకు చదివి వినిపించండి.

మీరు విన్న స్టెరాయిడ్ పేరు మిథైల్‌ప్రెడ్నిసొలోన్. దెబ్బ తగిలిన 8 గంటలలోపు మొదలుపెట్టి 24 గంటల పాటు పెద్ద మోతాదులో ఇస్తే కొంత మేలు జరుగుతుందని 1990లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ తర్వాత ప్రపంచమంతటా వైద్యులు దాన్ని వాడారు. అయితే ఆ లెక్కలను మళ్లీ జాగ్రత్తగా పరిశీలించినప్పుడు, కనిపించిన మేలు రోగులలో ఒక భాగానికే పరిమితమైన చిన్న మేలని, దానికి బదులుగా ఇన్‌ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం వంటి ప్రమాదాలు పెరుగుతున్నాయని తేలింది. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు ఈ మందును వాడవద్దనే చెప్పాయి. 2017లో మరొక అంతర్జాతీయ నిపుణుల బృందం మాత్రం, 8 గంటలలోపు వచ్చినవారికి వైద్యుడు కావాలనుకుంటే ఇవ్వవచ్చని చెప్పింది. అంటే ఆ రోజు ఇచ్చినా తప్పు కాదు, ఇవ్వకపోయినా తప్పు కాదు. ఆ ఇంజెక్షన్ పడి ఉంటే మీ తమ్ముడు ఇవాళ నడిచేవాడని చెప్పగల వైద్యుడెవరూ లేరు.

ఇక ‘సొంత కణాలే నరాన్ని పాడుచేశాయి’ అన్న మాట. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోతే ఆ మాట మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

వెన్నుపాము చిటికెన వేలంత లావు ఉంటుంది. వెన్నుపూస విరిగి దాన్ని నొక్కిన క్షణంలో కొన్ని నాడీకణాలు, వాటి పొడవాటి తీగలు, సన్నని రక్తనాళాలు తెగిపోతాయి. ఇది మొదటి దెబ్బ. ఇది క్షణంలో ముగిసిపోతుంది. ఆ తర్వాత గంటలు, రోజులు, వారాల పాటు సాగే నష్టాన్ని వైద్యులు రెండో దెబ్బ అంటారు. రక్తప్రసరణ తగ్గడం, చనిపోతున్న కణాల నుంచి కారిన రసాయనాలు పక్క కణాలను చంపడం, వాపు పెరగడం అన్నీ ఇందులోవే. రోగనిరోధక కణాలు రంగంలోకి వచ్చేది ఇక్కడే. వెన్నుపాములోనే కాపురముండే మైక్రోగ్లియా అనే కణాలు నిమిషాల్లోనే మేల్కొని గాయం వైపు తమ కొమ్మలను చాస్తాయి. కొన్ని గంటల్లో రక్తం నుంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి చేరతాయి. పుండులో మీరు చూసే చీము చాలావరకు ఈ కణాల కళేబరాలే. సూక్ష్మజీవులను చంపడానికి ఇవి దాచుకున్న ఘాటైన రసాయనాలు, సూక్ష్మజీవి ఒక్కటీ లేని వెన్నుపాములో కూడా విడుదలై మిగిలి ఉన్న మంచి కణజాలాన్ని కాలుస్తాయి. రెండు మూడు రోజుల తర్వాత మాక్రోఫేజ్‌లు వస్తాయి. ఇవి చెత్తను మింగే పెద్ద కణాలు. వచ్చినవి వారాలు, నెలలు అక్కడే ఉండిపోతాయి.

ఇల్లు కూలినప్పుడు శిథిలాలు తీయడానికి గడ్డపారలతో వచ్చిన మనుషులను ఊహించుకోండి. వాళ్లు లేకపోతే శిథిలాలు కదలవు, కొత్త గోడ లేవదు. కానీ చీకట్లో, తొందరలో, ఏది కూలిన గోడో ఏది నిలిచిన గోడో తెలియక అన్నిటినీ పొడుస్తూ పోతే నిలిచిన గోడ కూడా పడిపోతుంది. వెన్నుపాములో జరిగేది దాదాపు ఇదే.

కొడవలి తగిలి వేలిలో నరం తెగితే ఏమవుతుందో చూడండి. అక్కడికీ మాక్రోఫేజ్‌లే వస్తాయి. తెగిన నరం చుట్టూ ఉన్న మైలిన్ అనే కొవ్వుపొర తునకలను కొన్ని వారాల్లో శుభ్రం చేసి వెళ్లిపోతాయి. ఆ శుభ్రమైన దారిలో నరం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. వెన్నుపాములో అదే మైలిన్ చెత్త నెలలు, సంవత్సరాలు కూడా మిగిలిపోతుంది. ఆ చెత్తలోనే నరం పెరగకుండా ఆపే పదార్థాలుంటాయి. దాన్ని మింగిన మాక్రోఫేజ్‌లు అరిగించుకోలేక, కొవ్వుతో ఉబ్బి, కోపం చల్లారని స్థితిలో అక్కడే తిష్ఠ వేస్తాయి. తెగిన నరపు కొనలను తాకి వాటిని ఇంకా వెనక్కి నెట్టేస్తాయని కూడా ప్రయోగశాలల్లో కనిపించింది. కాబట్టి లోపం కణాల్లో కన్నా, అవి సమయానికి పని మార్చుకోకపోవడంలో, పని ముగిసినా వెళ్లిపోకపోవడంలో ఉంది.

అయితే ఆ కణాలను తీసేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. శాస్త్రజ్ఞులకూ అలాగే అనిపించింది. 1999లో ఎలుకల్లో రక్తం నుంచి వచ్చే మాక్రోఫేజ్‌లను మందుతో తగ్గించి చూస్తే కణజాలం ఎక్కువ మిగిలింది, నడక మెరుగైంది. కానీ 2019లో చిట్టెలుకల్లో మైక్రోగ్లియాను తీసేసి చూస్తే గాయం ఇంకా పెద్దదై, నడక ఇంకా దెబ్బతిన్నది. గాయం చుట్టూ ఆస్ట్రోసైట్‌లు అనే కణాలు గట్టు కట్టడానికి మైక్రోగ్లియా సాయం అవసరమని, ఆ గట్టు లేకపోతే వాపు కణాలు ఆరోగ్యంగా ఉన్న భాగంలోకి పొంగిపోతాయని అప్పుడు అర్థమైంది. ‘మచ్చ’ అని మనం నిందించే ఆ గట్టు కూడా శత్రువు కాదన్నమాట.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి మరొకటి ఉంది. జీబ్రాఫిష్ అనే చిన్న చేపకు వెన్నుపాము తెగితే అది మళ్లీ అతుక్కుని ఈదుతుంది. దానికీ గాయమైన చోట వాపు వస్తుంది, తెల్లకణాలు వస్తాయి. మొదట్లో ఆ వాపు సంకేతాన్ని పూర్తిగా ఆపేస్తే నరం పెరగడం మొదలే కాదు. కొంతసేపయ్యాక మాక్రోఫేజ్‌లు వచ్చి ఆ సంకేతాన్ని తగ్గించకపోతే పెరుగుదల ఆగిపోతుంది. అప్పుడే పుట్టిన చిట్టెలుకల్లో కూడా మైక్రోగ్లియా దగ్గరుండి, మచ్చ మిగలకుండా గాయాన్ని మాన్పిస్తాయని 2020లో వెల్లడైంది. పెద్దయిన చిట్టెలుకలో, మనిషిలో ఆ నేర్పు కనిపించదు. ఇప్పుడు పరిశోధన అంతా ఈ నేర్పును మళ్లీ ఎలా రప్పించాలన్న దాని మీదే నడుస్తోంది. 2024లో అమెరికాలోని ఒక బృందం, గాయపడిన వెన్నుపాములో చేరే టి-కణాలు అనే మరో రకం తెల్లకణాలలో మేలు చేసేవాటిని గుర్తించి, అలాంటివాటిని తయారుచేసి చిట్టెలుకలకు ఎక్కించి మంచి ఫలితం చూసింది. ఇది నిజమైన ఆశ. కానీ ఇంకా చిట్టెలుకల దగ్గరే ఉన్న ఆశ.

మీ నాన్నగారి మామిడితోట ప్రశ్నకు జవాబు కూడా ఈ చరిత్రలోనే ఉంది. రోగనిరోధక కణాలను గాయంలోకి ఎక్కించే ప్రయత్నం మనుషుల్లో ఇప్పటికే జరిగింది. 1998లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మిఖాల్ ష్వార్ట్జ్ బృందం, వెన్నుపాము పూర్తిగా తెగిన ఎలుకల్లో ప్రత్యేకంగా సిద్ధం చేసిన మాక్రోఫేజ్‌లను ఉంచితే కాళ్లలో కొంత కదలిక వచ్చిందని ప్రకటించింది. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. మొదట కొద్దిమంది రోగులకు, దెబ్బ తగిలిన 14 రోజులలోపు, వారి రక్తం నుంచే తీసిన కణాలను ఇచ్చారు. కొందరిలో మెరుగు కనిపించింది. ఆ తర్వాత సరైన పద్ధతిలో, 43 మందిని చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి ఇచ్చి, మరో వర్గానికి ఇవ్వకుండా పోల్చారు. 2012లో ఫలితం వచ్చింది. చికిత్స వల్ల మేలు లేదు. పైపెచ్చు, ఆ కణాలు తీసుకోని వర్గంలోనే మెరుగైనవారి శాతం ఎక్కువగా ఉంది.

ఆ చివరి మాటను మీ నాన్నగారికి నిదానంగా చెప్పండి. ఏ ఇంజెక్షనూ లేకుండానే, మొదటి ఏడాదిలో కొందరికి స్పర్శ గానీ కదలిక గానీ కొంత తిరిగి వస్తుంది. అలాంటివారికి మధ్యలో ఎవరైనా ఇంజెక్షన్ ఇస్తే, వచ్చిన మెరుగు దాని ఖాతాలో పడుతుంది. ఫోనులో మీకు వినిపించే ‘నడిచిన రోగుల’ కథల్లో ఏది ఇంజెక్షన్ ఫలితమో, ఏది శరీరం తనంతట తాను సాధించుకున్నదో పోల్చి చూపడానికి రెండో వర్గం ఉండదు.

మూలకణాలు వాపును తగ్గిస్తాయని వాళ్లు చెప్పేదానికి ప్రయోగశాలల్లో కొంత ఆధారం ఉంది. నేను దాన్ని కాదనను. కానీ నాలుగు నెలల నాటి గాయంలో, మనిషిలో, అది కాళ్లు కదిలిస్తుందని ఎవరూ నిరూపించలేదు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాలను మామూలు చికిత్సగా ఇవ్వగలిగేది కొన్ని రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదిత సందర్భాల్లో మాత్రమే. వెన్నుపాము దెబ్బకు ఇవ్వాలంటే అది అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో, అంటే మనుషుల్లో జరిపే వైద్య ప్రయోగంలోనే జరగాలి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఈసారి ఫోన్ వచ్చినప్పుడు, ‘మీ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి, మాకు ఖర్చు లేదు కదా’ అని అడగండి. లక్షలు చెప్పారంటే అది ట్రయల్ కాదు. విదేశంలో ముక్కులోని కణాలను వెన్నుపాములో ఎక్కించుకున్న ఒక యువతికి, ఏళ్ల తర్వాత అక్కడే గడ్డ పెరిగి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిన సంగతి వైద్య పత్రికల్లో నమోదై ఉంది. ఉన్నదాన్ని పోగొట్టుకునే ప్రమాదం కూడా ఉంటుందని చెప్పడానికే ఈ మాట. తోట అమ్మవద్దు.

ఇప్పుడు, రోగనిరోధక శక్తిని తగ్గించాలా, పెంచాలా అన్న మీ అసలు సందేహం. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. వెన్నుపాములో ఆ కణాలు అంత హడావిడి చేస్తున్నప్పుడే, మిగతా శరీరంలో రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. ప్లీహానికి, అడ్రినల్ గ్రంథులకు వెళ్లే నరాలు ఛాతీ భాగపు వెన్నుపాము నుంచే బయలుదేరుతాయి. మీ తమ్ముడికి దెబ్బ తగిలింది నాలుగో పూస దగ్గర. అంటే వాటిలో చాలావరకు దెబ్బకు కింది భాగంలో ఉండి, మెదడు అదుపు తప్పాయి. అందువల్ల ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కొనే శక్తి అతనికి మీకంటే తక్కువ. పైగా పొట్ట కండరాలు పనిచేయవు కాబట్టి గట్టిగా దగ్గి కఫం బయటికి తేలేడు. ఆసుపత్రిలో ఉండగా న్యుమోనియా గానీ గాయంలో ఇన్‌ఫెక్షన్ గానీ వచ్చినవారిలో నరాలు కోలుకోవడం కూడా తక్కువగా ఉంటుందని 2012లో ఒక పెద్ద పరిశీలన చూపించింది. కాబట్టి మీ తమ్ముడి రోగనిరోధక కణాల విషయంలో మీ చేతిలో నిజంగా ఉన్న పని, వాటికి అనవసరమైన యుద్ధాలు రాకుండా చూడటం.

కషాయాలు ఆ పని చేయవు. పేరు తెలియని చూర్ణాల్లో ఏముందో ఎవరికీ తెలియదు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలను మన దేశపు కాలేయ వైద్యులే ప్రచురించారు. బంధువులను నొప్పించకుండా, ‘డాక్టరు వద్దన్నాడు’ అని నా మీద పెట్టి చెప్పండి. సంగటితో పాటు రోజూ పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. చర్మం మానడానికి మాంసకృత్తులు కావాలి.

చర్మం గురించి ఒక ఇంటి సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చే ఒక యువకుడి తల్లి, అక్షరం రాని మనిషి, రోజూ ఉదయం కొడుకును పక్కకు తిప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి పిరుదుల మధ్య ఎముకను, తుంటిని, మడమలను చూసేది. ఎక్కడైనా రూపాయి బిళ్లంత మేర రంగు మారితే బాల్‌పెన్నుతో దాని చుట్టూ గీత గీసేది. సాయంత్రానికి రంగు పోకపోయినా, గీత దాటినా, వేలితో తాకితే పక్క చర్మం కంటే వెచ్చగా, గట్టిగా ఉన్నా, ఆ చోటు మానేదాకా దాని మీద బరువు పడనిచ్చేది కాదు. ఆ అబ్బాయికి ఆమె చేతిలో ఒక్క పడకపుండు కూడా రాలేదు. మా వార్డులోనే, గట్టి బల్ల మీద గంటలకొద్దీ కదలకుండా ప్రయాణించి వచ్చిన మరొకతనికి మొదటి వారంలోనే నడుము కింద పుండు పడి, చీముపట్టి, రెండు నెలల ఫిజియోథెరపీ పోయింది. పడుకున్నప్పుడు రెండు గంటలకొకసారి పక్క మార్చండి. కుర్చీలో కూర్చున్నప్పుడు, అతని చేతులు బలంగా ఉన్నాయి కాబట్టి, పావుగంట అరగంటకొకసారి చేతుల మీద లేచి బరువు దించమనండి. ఎండకు కాగిన అరుగు మీద, బండి సీటు మీద కూర్చోనివ్వకండి. కాలినా అతనికి తెలియదు.

మూత్రం విషయంలో, గొట్టం ఎప్పటికీ ఉంచేయడం కంటే, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి శుభ్రమైన కేథటర్‌తో తనంతట తాను తీసుకోవడం మంచిది. చేతులు పనిచేస్తున్నాయి కాబట్టి అతను నేర్చుకోగలడు. రిపోర్టులో ‘పస్ సెల్స్’ అని కనిపించగానే యాంటీబయాటిక్ కొనకండి. ఆ పస్ సెల్స్ నేను పైన చెప్పిన న్యూట్రోఫిల్సే. కేథటర్ వాడేవారిలో అవి తరచూ ఉంటాయి. జ్వరం, చలి, కాళ్లు బిగుసుకోవడం పెరగడం, మూత్రం మడ్డిగా మారి ఒళ్లు నలతగా ఉండడం వంటివి ఉన్నప్పుడే వైద్యుడు మందు ఇస్తాడు. రోజుకు కొన్నిసార్లు బంతుల స్పిరోమీటరుతో ఊపిరి పీల్చే వ్యాయామం చేయించండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి మీ వైద్యుడిని అడగండి.

ఆరో పూసకు పైన దెబ్బ తగిలినవారు తెలుసుకోవాల్సిన అత్యవసరం ఒకటుంది. ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పట్టడం కనిపిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందని అర్థం. వెంటనే కూర్చోబెట్టి, బట్టలు, బెల్టు వదులు చేసి, మూత్రపు గొట్టం మెలిక పడిందేమో, మూత్రం నిండిందేమో చూసి తీసేయండి. తగ్గకపోతే 108కు ఫోన్ చేయండి. కింది భాగంలో ఏదో బాధ ఉందని, అతనికి తెలియకపోయినా, శరీరం చెప్పే తీరు ఇది. ఇది మళ్లీ మళ్లీ రావడం రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తుందని జంతువుల్లో చూశారు.

పునరావాసానికి మీకు దూరం పోవాల్సిన పని లేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు సీఎంసీ ఉంది. అక్కడి పునరావాస కేంద్రాన్ని 1966లో మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్, 1954లో ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, తాను చక్రాల కుర్చీలో కూర్చునే ఉండి, కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన మనిషి. మీ తమ్ముడికి ఈ సంగతి చెప్పండి.

చివరగా ఆ బొటనవేలు. ‘ఏదో పాకినట్టుంది’ అన్న మాటను కొట్టిపారేయకండి, అలాగని దాని మీద పెద్ద ఆశలు కూడా ఇప్పుడే కట్టకండి. తెగిన నరాల దగ్గర పుట్టే తిమ్మిరి కూడా అలాగే ఉండవచ్చు. వచ్చే వారంలోనే అతన్ని తీసుకెళ్లి వెన్నుపాము ఎంతవరకు పనిచేస్తోందో చూసే ‘ఏషియా స్కోరు’ పరీక్ష చేయమని అడగండి. సూదితో, దూదితో తల నుంచి మలద్వారం దాకా ఒక్కొక్క చోట తాకి చూసి, ఎ నుంచి ఇ వరకు ఒక అక్షరం రాస్తారు. మలద్వారం దగ్గరి పరీక్షకు సిగ్గుపడి వద్దనకూడదని తమ్ముడికి ముందే చెప్పండి. అక్కడ స్పర్శ గానీ బిగింపు గానీ ఏ కొంచెం ఉన్నా, వెన్నుపాము పూర్తిగా తెగలేదని అర్థం. ఆపరేషన్ సమయంలో రాసిన స్కోరు సాధారణంగా డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూపించమనండి. కొత్త కాగితం మీద తేదీ, చూసిన డాక్టరు సంతకం ఉండేలా చూసుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ అదే పరీక్ష చేయించి, మూడు స్కోర్లూ నాకు రాసి పంపండి.